కాకి ముట్టని పేరు

పోయినవారం మనం సుబ్బలక్ష్మమ్మను లేబర్ ఆఫీసు వరండాలో బల్ల మీద కూర్చోబెట్టి వచ్చేశాం. పాపం, ఆమె ఇంకా అక్కడే ఉంది. పదిన్నరకు పిలుస్తామన్నవాళ్ళు పన్నెండు కావస్తున్నా పిలవలేదు. ఆఫీసరుగారు మీటింగులో ఉన్నారట. అయినవాళ్ళను పోగొట్టుకుని వచ్చినవాళ్ళను ఎంతసేపు కూర్చోబెట్టినా అడిగే నాథుడెవడు? సరే, ఆయన వచ్చేలోగా కథ ఎందాకా వచ్చిందో ఓసారి చెప్పుకుందాం.

సుబ్బలక్ష్మమ్మకు ఇద్దరు కొడుకులు. పెద్దవాడు నారాయణప్ప, బొమ్మసంద్రలో ఓ రేకుల కంపెనీలో ప్రెస్సు మిషను మీద కాంట్రాక్టు కూలి. చిన్నవాడు హేమంత్‌కుమార్, ఇళ్ళకు రంగులు వేసేవాడు. మొన్న శ్రావణంలో పెద్దవాడికి కామెర్లొచ్చి మంచం పట్టాడు. వరసగా మూడు రోజులు నాగా పెడితే ఆ కాంట్రాక్టులో పేరు కొట్టేస్తారు. రెండు రోజులు అయిపోయాయి. మూడోనాడు పొద్దున అన్న టోకెను జేబులో వేసుకుని తమ్ముడు పనికి పోయాడు. అక్కడ అందరూ చేసే పనే అది. గేటు దగ్గర లెక్కపెట్టేది టోకెన్లను, మొహాలను కాదు. పదకొండున్నరకు మిషనుకు అడ్డంగా ఉండే ఇనుప గార్డు ఊడి మీద పడింది. ఆసుపత్రికి చేరకముందే ప్రాణం పోయింది. జేబులో నూటపద్నాలుగో నెంబరు టోకెను దొరికింది. రిజిస్టరులో ఆ నెంబరు ఎదురుగా ఉన్న పేరు నారాయణప్ప. ఆసుపత్రివాళ్ళు అదే రాశారు, పోలీసులు అదే రాశారు, చావు సర్టిఫికెట్టులోనూ అదే వచ్చింది.

అర్థమైంది కదా? పోయింది తమ్ముడు. కాగితాల్లో పోయింది అన్న.

నిజం చెబితే కంపెనీ పైసా ఇవ్వదని, టోకెను మార్చినందుకు నారాయణప్పను జైల్లో పెడతారని అప్పుడు మేస్త్రీ గోపాలప్ప బెదిరించాడు. అందుకని ఆ ఇంటివాళ్ళు అబద్ధంలోకి కాపురం మార్చారు. బొమ్మసంద్రలో తెలిసినవాళ్ళుంటారని కె.ఆర్.పురం వచ్చేశారు. నారాయణప్ప దొడ్డబళ్ళాపురంలో మగ్గాల షెడ్డుకు పోయి, తమ్ముడి పేరు చెప్పుకుని పని చేస్తున్నాడు. మొగుడు బతికే ఉన్న పెద్దకోడలు ఈరమ్మ, బొట్టు తీసేసి పరిహారానికి దరఖాస్తు పెట్టింది. మొగుడు పోయిన చిన్నకోడలు సుమ, ఏడో నెల కడుపుతో, రోజూ పొద్దున్నే అద్దం ముందు నిలబడి కుంకుమ పెట్టుకుంటోంది. వచ్చే డబ్బు సుమకూ పుట్టబోయే బిడ్డకూ అని అందరూ అనుకున్న మాట. కేసు చూస్తున్న లాయరు సమీనాకు ఇదేమీ తెలియదు. ఇవాళ సుబ్బలక్ష్మమ్మ సాక్ష్యం.

ఇంతవరకూ మనకు తెలిసిందే. ఇక వరండాలోకి పోదాం.

బల్లకు ఒక చివర ఈరమ్మ, ఇంకో చివర సుమ, నడుమ సుబ్బలక్ష్మమ్మ. ఎటు తిరిగినా ఆమెకు చూడలేని మొహమే. కుడివైపు చూస్తే తన తమ్ముడి కూతురు, తానే ఏరికోరి తెచ్చుకున్న కోడలు, బోడి నుదురుతో. ఎడమవైపు చూస్తే ఎర్రటి బొట్టు, ఆ బొట్టు కింద ఏడ్చి ఏడ్చి వాచిన కళ్ళు. చూడలేక ఆమె తన పాదాలనే చూసుకుంటూ కూర్చుంది.

"అత్తా, నీళ్ళు తాగుతావా?" అంది ఈరమ్మ.

"వద్దు తల్లీ."

సుమ మాటలు తగ్గించి చాలా రోజులైంది. బావ పేరెత్తితే మాత్రం లేచి అవతలికి పోతుంది. తన మొగుణ్ణి టోకెనిచ్చి పంపింది ఆయనే అని ఆమె కడుపులో మంట. ఆదివారాలు నారాయణప్ప ఇంటికొస్తే మంచినీళ్ళ చెంబు కూడా ముందు పెట్టదు. ఆయన కూడా తల వంచుకుని కూర్చుంటాడే గాని, ఒక్కమాట ఎదురు చెప్పడు. ఎందుకు చెప్పడో సుబ్బలక్ష్మమ్మకు తెలుసు. తెలిసీ ఐదు నెలలుగా నోరు కుట్టేసుకుంది.

సమీనా వచ్చింది. కడపనుంచి వచ్చి ఈ ఊళ్ళో ప్రాక్టీసు పెట్టి నాలుగేళ్ళయింది. చిన్నపిల్లే గాని పని మీద శ్రద్ధ. నల్లకోటు భుజాన వేసుకుని, ఫైలు ఒళ్ళో పెట్టుకుని, సుబ్బలక్ష్మమ్మ ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

"అమ్మా, భయపడొద్దు. పేపర్స్ అన్నీ కరెక్టుగా ఉన్నాయి. వాళ్ళ లాయరు మాత్రం ఇవాళ ఒక కొత్త పాట ఎత్తుకుంటాడు. మీ వాడి టోకెను మీద వేరే ఎవడో లోపలికి దూరాడు, వాడెవడో మాకు తెలియదు, వాడు మా పనివాడే కాదు, అందుకని మా బాధ్యత లేదు అంటాడు."

సుబ్బలక్ష్మమ్మ బల్ల మీదనుంచి సగం లేచింది. "అట్లంటారా?"

"అననీండి. అసలు తెలిసే పనిలో పెట్టుకునుంటే వాడి పేరు ఏదైనా వాళ్ళదే బాధ్యత. 'మాకు తెలియదు' అనేదొక్కటే వాళ్ళ ఆధారం. మనకు ఆ గొడవే లేదు కదా. శవాన్ని గుర్తుపట్టింది మీరు. చనిపోయింది నా పెద్దకొడుకు నారాయణప్ప అని ఒక్కమాట గట్టిగా చెప్పండి, చాలు."

సమీనా లేచి లోపలికి పోయింది. ఒక్కమాట! ఆ పిల్లకేం తెలుసు, ఆ ఒక్కమాట ఈ తల్లి చెప్పాల్సి రావడం ఇది మూడోసారి అని.

మొదటిసారి ఆసుపత్రిలో. పోలీసాయన గుడ్డ తీసి "ఎవరమ్మా?" అన్నాడు. హేమంతు అనబోయింది. మాట సగంలో ఉండగానే గోపాలప్ప పక్కకు లాగాడు. లాగి, చెవిలో చెప్పాల్సింది చెప్పాడు. అప్పుడామె మాట్లాడను కూడా లేదు. పోలీసాయన "నారాయణప్పేనా?" అని అడిగితే తల ఊపింది. అంతే. ఒక్క తల ఊపుడుకు ఇంత ఉందని ఎవరికి తెలుసు?

రెండోసారి పదోరోజు. అది తలుచుకుంటే ఇప్పటికీ ఆమెకు అన్నం సహించదు.

శ్మశానం పక్క బోరుబావి దగ్గర దినం. దినాల ఖర్చుకని కవరు పట్టుకుని, పనివాళ్ళ మొహాలెరగని కంపెనీ మనిషి ఒకడు వచ్చాడు, వెంట గోపాలప్ప. ఇచ్చి పోతారనుకుంటే, మర్యాద కోసం అక్కడే చేతులు కట్టుకుని నిలబడ్డారు. తమ్ముడి కర్మ చేయడానికి నారాయణప్ప గుండు చేయించుకుని, తడిబట్టతో, పచ్చటి కళ్ళతో కూర్చున్నాడు. అయ్యవారు నీళ్ళు చేతిలో పోసి "పోయినాయన పేరు చెప్పండి" అన్నాడు. నారాయణప్ప తల్లి వైపు చూశాడు. గోపాలప్ప దగ్గాడు.

అప్పుడు సుబ్బలక్ష్మమ్మే చెప్పింది. "నారాయణప్ప."

అయ్యవారు ఆ పేరే మంత్రంలో పెట్టి మూడుసార్లు చదివాడు. మూడుసార్లూ నారాయణప్ప, నారాయణప్ప పేరు మీద, పిండం పెట్టాడు. తన పిండం తానే పెట్టుకున్న మనిషిని మీరెక్కడన్నా చూశారా? ఆ తల్లి చూసింది.

పిండం గోడ మీద పెట్టి దూరంగా జరిగారు. కాకులు లేక కాదు. కరెంటు తీగ మీద వరసగా కూర్చునే ఉన్నాయి. ఒక్కటంటే ఒక్కటి దిగలేదు. పదకొండయింది, పన్నెండయింది. ఈరమ్మ దండం పెట్టింది, సుమ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. హేమంతుకు ఇష్టమని రాగిసంగటి, ఊరుబిండి పచ్చడి కూడా తెచ్చి పక్కన పెట్టారు. అయినా దిగలేదు. రెండు గంటలకు అయ్యవారు విసుగెత్తి, ఆవుకు పెట్టేయండమ్మా అన్నాడు. ఆ రోజునుంచి సుబ్బలక్ష్మమ్మకు ఒకటే ఆలోచన. వేరేవాళ్ళ పేరుతో పిలిస్తే నా బిడ్డ ఎట్లా వస్తాడు? వాడు పక్కనే నిలబడి, తనది కాదేమోనని చూస్తూ ఉండిపోయాడేమో. చిన్నప్పటినుంచీ వాడంతే, పిలిస్తే గాని పంక్తిలో కూర్చునేవాడు కాడు.

చిన్నవాడి సంగతి అలా ఉంటే, పెద్దవాడు ఇలా. పోయిన ఆదివారం వచ్చినప్పుడు నారాయణప్ప కళ్ళు మళ్ళీ పచ్చబడ్డాయి. చొక్కా భుజాల మీదనుంచి జారిపోతోంది. పళ్ళెం ముందు పెడితే పక్కకు జరిపాడు.

"నా పిండం నేనే పెట్టుకుంటిని గదమ్మా. ఇంగ నాకు కూడెందుకు?" అన్నాడు.

తమాషాకన్నట్టు నవ్వాడు కూడా. ఆ నవ్వే ఇప్పుడు ఆమె కళ్ళముందుంది. రెండుసార్లు అన్నందుకే వీడిట్లా అయిపోయాడు. మూడోసారి, దేవుడి మీద ప్రమాణం చేసి మరీ నా పెద్దకొడుకు చచ్చాడంటే, వీడు దక్కుతాడా? అనకపోతే సుమ గతేంటి? ఆ కడుపులోది భూమ్మీద పడ్డాక దాన్నెవరు సాకాలి? ఇదీ ఆ వరండాలో ఆ తల్లి పరిస్థితి.

"సుబ్బలక్ష్మమ్మా!" అని బంట్రోతు పిలిచాడు.

లోపల గది చిన్నది. ఫైళ్ళ బీరువాల మధ్య ఓ పెద్ద బల్ల, దాని వెనక ఆఫీసరు. కోలారు మనిషి, తెలుగు బాగానే వచ్చు. ఒక పక్కన సమీనా, ఇంకో పక్కన కంపెనీ లాయరు వెంకోబరావు. నెరిసిన జుట్టు, మెత్తటి గొంతు, కన్నడం కలిసిన తెలుగు. ఆయన వెనక కుర్చీలో కొత్త చొక్కా వేసుకుని గోపాలప్ప. వాళ్ళ తరఫు సాక్షి అతనే. గోపాలప్పది వీళ్ళ ఊరే, మడకశిర పక్కన. నారాయణప్పకు ఆ పని ఇప్పించిందీ అతనే. వీళ్ళింట్లో ఎన్నోసార్లు తిన్న మనిషి, ఇప్పుడు సుబ్బలక్ష్మమ్మను చూసి కిటికీ వైపు తిరిగాడు.

అర్జీదారు గనక ఈరమ్మను లోపలికి రానిచ్చారు. సుమ వరండాలోనే, తెరిచి ఉన్న తలుపు పక్కన కూర్చుంది.

ప్రమాణం అయ్యింది. సమీనా మెల్లగా మొదలుపెట్టింది. పేరేంటి, ఊరేంటి, భర్త ఎప్పుడు పోయారు. సుబ్బలక్ష్మమ్మ అన్నిటికీ చెప్పింది.

"మీకు ఎంతమంది పిల్లలు?"

"ఇద్దురు మగపిల్లోళ్ళు."

"ప్రెస్సు దగ్గర ప్రమాదంలో చనిపోయింది ఎవరు?"

సుబ్బలక్ష్మమ్మ బల్ల అంచు గట్టిగా పట్టుకుంది. ఈరమ్మ వైపు చూడలేదు. కళ్ళు మూసుకుని చెప్పింది. "పెద్దోడు. నారాయణప్ప."

ఆఫీసరు రాసుకున్నారు. పక్కనే ఈరమ్మ సన్నగా మూలిగింది. అదేదో మొగుడు పోయిన ఏడుపని ఆఫీసరు అనుకున్నారు. కాదు. బతికున్న మొగుణ్ణి మేనత్త తన కళ్ళముందే ఇంకోసారి చంపిందన్న భయం అది. సుబ్బలక్ష్మమ్మకు ఆ మూలుగు నెత్తిన బండ పడినట్టయింది.

వెంకోబరావు లేచాడు. కసురుకోలేదు, గదమాయించలేదు. పెద్దమనిషిలా కుర్చీ చూపించి, "కూర్చోమ్మా, స్వల్ప నీళ్ళు తాగు. తొందరేమీ లేదు" అన్నాడు. ఆమె కూర్చున్నాక బల్ల మీద ఒక ఫోటో పెట్టాడు.

"ఇది ప్రమాదానికి ముందేడు ఆయుధపూజకు కంపెనీలో తీసింది. ఇందులో నారాయణప్ప ఎవరో చూపిస్తావా?"

పూలదండలేసిన మిషను. దాని ముందు ముప్పైమంది దాకా పనివాళ్ళు. రెండో వరసలో, నుదుట గంధం పెట్టుకుని, నారాయణప్ప. ఒళ్ళు చేసి, నవ్వుతూ ఉన్నాడు. వీడు ఇంత కండగా ఉండేవాడా! ఆమె వేలు పెట్టి చూపించింది.

"సరిగా చూడమ్మా. ఇతనే కదా?"

"వాడే."

"ఆయితు, సరే. మరి ఇది?"

రెండో ఫోటో. పోలీసులు ఆసుపత్రిలో తీసింది. దాన్ని మొదటిదాని పక్కన పెట్టి వెంకోబరావు చెయ్యి తీశాడు.

సమీనా ముందుకు వంగింది. ఆ రెండు మొహాలనూ ఒక్కచోట ఆమె అప్పటిదాకా చూడలేదు. చూసింది, చూసి సుబ్బలక్ష్మమ్మ వైపు తిరిగింది. ఆ పిల్ల మొహంలో రక్తం లేదు.

కానీ సుబ్బలక్ష్మమ్మ సమీనాను చూడలేదు. లాయర్లను చూడలేదు. ఆమెకు ఆ ఫోటో ఒక్కటే కనిపిస్తోంది. ఐదు నెలలైంది ఆ మొహం చూసి. ఇంట్లో వాడి ఫోటో ఒక్కటి కూడా లేదు. దండ వేస్తే ఎవరన్నా చూస్తారని, వేయకుండా ఎదురుగా పెట్టుకోలేక, అన్నీ పెట్టె అడుగున దాచేశారు. ఇప్పుడు ఇక్కడ, ఈ బల్ల మీద, కళ్ళు మూసుకుని, నుదుటి మీద జుట్టు పడి, వాడు. చెంప మీద ఇంకా నీలం రంగు మరక ఉంది. ముందురోజు ఎవరింటికో వేసిన రంగు. పొద్దున కడుక్కోరా అంటే, సాయంత్రం కిరసనాయిలుతో తుడుచుకుంటాలేమ్మా అన్నాడు.

ఆమె కొంగు చివర తడిచేసి, ఫోటోలో ఆ మరకను తుడవబోయింది.

"అమ్మా..." అన్నారు ఆఫీసరు.

"హేమంతూ," అంది ఆమె. మెల్లగా, నిద్ర లేపినట్టు. ఇంకోసారి అంది. "హేమంతూ, నాయినా."

అప్పుడు వరండాలోంచి వచ్చింది ఏడుపు. ఐదు నెలలు గొంతులో తొక్కిపెట్టిన ఏడుపు అది. పక్కింటివాళ్ళు వింటారని, బొట్టు పెట్టుకున్నదానివి ఎందుకేడుస్తావని అడుగుతారని, గుడ్డలు కుక్కుకుని ఆపుకున్న ఏడుపు. మొగుడి పేరు ఒక మనిషి పైకి అనగా విని సుమ ఇక ఆపుకోలేకపోయింది. గోడకు తల ఆనించి ఏడుస్తుంటే వరండాలో జనమంతా లేచి నిలబడ్డారు.

"ఎవరమ్మా ఆ పిల్ల?" అని ఆఫీసరు అడిగారు.

"సచ్చిపోయినోని పెండ్లాం సార్."

"మరి ఈమె?" ఈరమ్మను చూపించారు.

"ఈమె మొగుడు బతికే ఉండాడు సార్. దొడ్డబళ్ళాపురంలో ఉండాడు. నేనే నా నోటితో వాణ్ణి సంపుతాండాను. ఇంగ నావల్ల కాదు." ఆమె ఈరమ్మ వైపు తిరిగింది. "బొట్టు పెట్టుకో తల్లీ. ఇంటికి పోతానే పెట్టుకో. నన్ను చమించు."

ఈరమ్మ రెండు చేతులతో మొహం కప్పుకుంది.

వెంకోబరావు గొంతు ఇంకా మెత్తబడింది. కావలసింది చేతికందింది కదా. "గమనించండి సార్. చనిపోయినతను నారాయణప్ప కాదని తల్లే ఒప్పుకుంది. ఎవరో మనిషి టోకెను మార్చి లోపలికి దూరాడు. మావాళ్ళకు తెలియనే తెలియదు. ఇక ఈ కేసులో వినడానికేముంది?"

సమీనా లేచి నిలబడింది. చేతిలో ఫైలు అలాగే పట్టుకుంది. తనను ఇంతకాలం మోసం చేసినందుకు కోపమో, ఆ ముసలామెను చూసి జాలో, ఏదో తేల్చుకోలేక నిలబడిపోయింది.

"దూరలేదు సార్," అంది సుబ్బలక్ష్మమ్మ. "నా బిడ్డ దొంగ కాదు. వాడు దూరలేదు. నేనే పంపితిని."

గుమ్మం దగ్గర ఏడుపు ఆగింది.

"వాడు పోనన్నాడు సార్. రంగుల పని ఉండాది, నేను పోనమ్మా అన్నాడు. మిషనంటే వానికి భయం. పెద్దోడు కూడా వద్దన్నాడు. జరం మీద లేచి కూసోని, వానికి ఆ పని తెల్దు, పంపద్దమ్మా అని నా చెయ్యి పట్టుకున్నాడు. నేనే ఇనలా. పేరు కొట్టేస్తే మళ్ళా పని యాడ దొరుకుతాదని, పెద్దోని చొక్కాలో టోకెను తీసి, నా చేత్తో నేనే చిన్నోని జేబులో ఏసితిని."

సుమ గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది. కుంకుమ చెమటకు కరిగి ముక్కు మీదికి జారింది.

"నువ్వా అత్తా?" అంది.

సుబ్బలక్ష్మమ్మ కోడలి మొహంలోకి చూసింది. ఐదు నెలలుగా తప్పించుకున్న చూపు అది. "నేనే బిడ్డా. నువ్వు పెద్దోణ్ణి తిట్టుకుంటుంటే చూస్తా ఊరకుంటిని. వాడు కూడా నా కోసరమని మాటపడినాడు. వానికి మంచినీళ్ళియ్యకుండా ఉన్న పాపం నాది, నీది కాదు."

సుమ కడుపు మీద చెయ్యి వేసుకుని, గుమ్మంలోనే నేల మీద కూలబడింది. ఈరమ్మ పరుగున పోయి పట్టుకుంది. బొట్టున్న విధవ, బొట్టు లేని ముత్తయిదువ, ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు తలపెట్టి ఏడుస్తుంటే ఆఫీసరుగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. ఆయనకూ ఇంట్లో ఆడపిల్లలున్నారు.

"అమ్మా," అన్నారు అద్దాలు పెట్టుకుని. "నువ్వు చెప్పిందంతా రాసుకోవాలి. నువ్వు మొదట చెప్పింది అబద్ధమని కూడా రాయాలి. తెలుసా?"

"రాయండి సార్. పేరు కూడా రాయండి. హేమంత్‌కుమార్. తండ్రి పేరు ఓబళప్ప. ఇరవైమూడేండ్లు. ఇంతవరకూ ఏ కాయితంలోనూ వాడు సచ్చినట్టు లేదు. దినంలో కూడా వాని పేరు ఎత్తలా. కాకి ముట్టలా. నా బిడ్డ ఆకలితో తిరుగుతాండాడు సార్."

వెంకోబరావు గడియారం చూసుకున్నాడు. "మా సాక్షి సిద్ధంగా ఉన్నాడు. గేటు దగ్గర టోకెన్లు చూసుకున్నది ఇతనే. లోపలికి వచ్చినవాడెవడో గమనించలేదని చెబుతాడు. రెండు నిమిషాల పని."

గమనించలేదు. తెలియదు. ఆ మాట వినగానే సుబ్బలక్ష్మమ్మకు వరండాలో సమీనా చెప్పింది గుర్తొచ్చింది. తెలిసే పనిలో పెట్టుకునుంటే పేరు ఏదైనా వాళ్ళదే బాధ్యత. ఆమె కుర్చీలోంచి లేచింది. గోపాలప్ప ఇంకా కిటికీ వైపే చూస్తున్నాడు. బల్ల చుట్టూ తిరిగి పోయి అతని ఎదురుగా నిలబడింది. బంట్రోతు ఆపబోతే ఆఫీసరు చెయ్యెత్తి వద్దన్నారు.

"గోపాలప్పా, ఇటు చూడప్పా."

అతను చూడలేదు.

"ఆ పొద్దు వాడు క్యారియరు మర్చిపోతే, నేను ఎనకాలే పరిగెత్తుకోని గేటు కాడికి వస్తిని. నువ్వు నన్ను చూడలేదు. నేను నిన్ను చూస్తిని. గేటు తెరిచి, నువ్వు నా బిడ్డ భుజం మీద చెయ్యేసి, పేరు పెట్టి పిలిస్తివి. నా చెవులారా ఇంటిని. ఏం పేరు పెట్టి పిలిస్తివప్పా?"

"ఇది పద్ధతి కాదు సార్!" అని వెంకోబరావు మొదటిసారి గొంతు పెంచాడు. "గోపాలప్పా, నువ్వు జవాబు చెప్పక్కర్లేదు."

"నేను అడుగుతున్నాను," అంది సమీనా. ఫైలు బల్ల మీద పెట్టి నిటారుగా నిలబడింది. "సార్, ఇదే ప్రశ్న అర్జీదారు తరఫున నేను అడుగుతున్నాను. రాసుకోండి."

ఆఫీసరు కలం తీసుకున్నారు. "చెప్పవయ్యా."

గోపాలప్ప లేచాడు. కొత్త చొక్కా వీపున తడిసిపోయింది. గుమ్మంలో నేల మీద కూర్చున్న సుమను చూశాడు. ఆ పిల్ల కడుపును చూసి చూపు తిప్పుకున్నాడు. తిప్పుకున్న చోట సుబ్బలక్ష్మమ్మ మొహం ఉంది.

"నన్ను అక్కా అని పిలిచి నా చేతి సంగటి తిన్నోనివి," అంది ఆమె. తిట్టలేదు. బతిమాలింది. "పేరు పెట్టి పిలిచి వాణ్ణి లోపలికి తోలుకపోతివి. ఆ పేరు పెట్టే బయటికి పంపప్పా."

వెంకోబరావు అతని మోచెయ్యి పట్టుకున్నాడు. గోపాలప్ప ఆ చేతిని మెల్లగా విడిపించుకున్నాడు. ఆఫీసరు వైపు తిరిగి నోరు తెరిచాడు.